మిలాయ్, పోదాం రా

తెల్లవారకముందే లేచి రొసెండా అన్నం వండింది. ముందురోజు మట్టికుండలో సన్నసెగ మీద ఉడకబెట్టిన చేపల్ని అరటాకుల్లో చుట్టింది. కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, నీళ్ళ సీసా సంచిలో సర్దుకుని, జపమాల మెడలో వేసుకుని మొగుడి మంచం పక్కకి వచ్చి నిలబడింది.

"వెళ్ళొస్తాను."

అంబో కళ్ళు తెరవలేదు. మెలకువగానే ఉన్నాడని ఆవిడకు తెలుసు.

"ఆ బూడిదలో ఏం వెతుకుతావే?" అన్నాడు చివరికి.

"ఇవాళ సమాధుల పండగ. కొవ్వొత్తి పెట్టి వస్తాను."

"ఇక్కడి సమాధుల తోటలో పెద్ద శిలువ ఉంది కదా. సమాధి దొరకని వాళ్ళందరూ దాని కిందే పెడుతున్నారు. ఏటా మనమూ అక్కడే పెడుతున్నాం. ఏ కొవ్వొత్తి ఎవరిదో దేవుడికి తెలీదా?"

"దేవుడికి తెలుసు. మిలాయ్‌కి తెలియొద్దూ?"

అంబో గోడవైపు తిరిగి పడుకున్నాడు. కొంచెం సేపటికి, "నా పేరు చెప్పి కూడా ఒకటి పెట్టు" అన్నాడు.

రొసెండా తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చింది. మొగుడికి చెప్పింది సగమే. ఆవిడ వెళ్తున్నది కూతుర్ని ఇంటికి తెచ్చుకోవడానికి. ఈ మాట ఇంకెవరికి చెప్పినా పెద్ద వయసులో మతి చలించిందనుకుంటారని ఎవరికీ చెప్పలేదు.

మిలాయ్ ఉన్నది పులోలో, అంటే సరస్సు నడుమ ఉన్న ద్వీపంలో. దాని నడుమ కొండ, కొండ కడుపులో నిప్పు. ఆ నిప్పు ఉందని తెలిసే రొసెండా వాళ్ళ తాతలు అక్కడ ఇళ్ళు కట్టుకున్నారు, మొక్కజొన్న వేశారు, వల వేసి చేపలు పట్టారు. కొండ చూడ్డానికి వచ్చే జనాన్ని గుర్రాల మీద పైకెక్కించి పొట్టపోసుకున్నారు. రొసెండా అక్కడే పుట్టింది, అక్కడే పెళ్ళి చేసుకుంది. మిలాయ్ కూడా అక్కడే పుట్టింది. ఏడేళ్ళకి జ్వరం వచ్చి పోయింది. గుడి వెనక సమాధుల్లో దాన్ని పెట్టారు.

చావు దగ్గరనుంచి తిన్నగా ఇంటికి రాకూడదంటారు. దారిలో ఏదో ఒకచోట ఆగి, కాసేపు కూర్చుని, ఏదైనా నోట్లో వేసుకుని అప్పుడు ఇల్లు చేరాలి. వెంటవచ్చిన ఆత్మ అక్కడే దారి తప్పి ఆగిపోతుంది, గడప దాటి లోపలికి రాదు. దాన్నే దులుపుకోవడం అంటారు. మిలాయ్‌కి మట్టి ఇచ్చి వస్తుంటే అత్తగారు రొసెండా చెయ్యి పట్టుకుని అంగడి ముందు బెంచీ మీద కూర్చోబెట్టింది. "ఇంట్లో చంటివాడున్నాడు. అక్క కదా, ఆడుకోడానికి తోడు కావాలని తమ్ముణ్ణి తీసుకుపోతుంది. దులుపుకో" అంది. చంటివాడు ఎల్మర్‌కి అప్పటికింకా పళ్ళు రాలేదు. రొసెండా బిస్కెట్టు తింది, సోడా తాగింది, లేచేటప్పుడు గౌను కూడా దులుపుకుంది. చీకటంటే భయపడే పిల్లని, తల్లి మోచెయ్యి పట్టుకుంటే గానీ నిద్రపోని పిల్లని, ఒక్క బిస్కెట్టుతో వదిలించుకుని ఇంటికి వచ్చింది.

పులోలో ఉన్నన్నాళ్ళూ ఆ మాట మనసులో పడి ఉన్నా గుచ్చుకోలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తే గుడి వెనక తెల్లసున్నం వేసిన చిన్న దిమ్మ కనిపించేది. అంట్లు తోముతూనే, "ఇవాళ తమ్ముడు బడికెళ్ళనని ఏడ్చాడే" అని చెప్పేది. గడప దాటి లోపలికి రాకపోయినా పిల్ల పక్కవాకిట్లో ఉన్నట్టే ఉండేది.

తర్వాత ఒక జనవరి మధ్యాహ్నం కొండ పగిలింది. ఆకాశమంత ఎత్తున నల్లటి పొగ లేచింది. జనం కట్టుబట్టలతో పడవల్లో పడ్డారు. ఏ చోటినుంచి బయల్దేరినా అందర్నీ పేరు పెట్టి పిలవడం వాళ్ళ అలవాటు. పిలవకపోతే ఒళ్ళు మాత్రం వస్తుంది, ప్రాణం అక్కడే ఉండిపోతుంది, ఆ రాత్రికి జ్వరం తగులుతుంది. ఆ రోజు రేవంతా కేకలే. రొసెండా ఎల్మర్‌ని పిలిచింది, అంబోని పిలిచింది. మిలాయ్ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ 'ఇంటికి పోదాం రా' అనే కదా పిలవాలి. ఇల్లు వదిలి పారిపోతూ ఎక్కడికి రమ్మని పిలుస్తుంది? నోరు పెగల్లేదు. పడవ కదిలిపోయింది. ఆ తర్వాత ద్వీపంలో ఎవరూ ఉండకూడదని ప్రభుత్వం కట్టడి చేసి, ఇటు ఒడ్డున వరస ఇళ్ళు కట్టించి ఇచ్చింది. సరస్సు అక్కడినుంచి కనపడదు.

ఒకసారి గుడిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదర్‌ని అడిగింది. "ఆత్మ దేవుడి దగ్గరికి పోతుందని మీరే చెప్తారు కదా ఫాదర్, మరి మేం దులిపేసేది ఎవర్ని?" ఫాదర్ మంచివాడు, నవ్వాడు. "అలా ఆగితే హోటలువాడికి బేరమమ్మా, అంతే. నువ్వు ప్రార్థన చేసుకో" అన్నాడు. రొసెండా ప్రార్థన చేసుకుంది. ప్రార్థన అయ్యాక కూడా ఆ ప్రశ్న అలాగే ఉంది.

పక్క వాకిట్లో ఫెలిసా అప్పుడే బయటికి వస్తోంది. ఫెలిసా, రొసెండా ఒకే బల్ల మీద చదువుకున్నవాళ్ళు. మిలాయ్‌కి జ్ఞానస్నానం ఇప్పించినప్పుడు జ్ఞానతల్లిగా నిలబడింది ఫెలిసాయే. అప్పట్నించి ఇద్దరూ ఒకరినొకరు 'మారే' అని పిలుచుకుంటారు. కాలనీలో కూడా ఇద్దరి ఇళ్ళకీ నడుమ ఒకటే గోడ. ఆ గోడ అవతల ఫెలిసా మనవరాలు, రెండు నెలల పసిగుడ్డు, ఉయ్యాల్లో కేర్‌మంటోంది.

"రాత్రంతా ఇదే పాట మారే. దీని గొంతు చూస్తే తాత గురకే గుర్తొస్తోంది" అంది ఫెలిసా. పూల గౌను తొడుక్కుంది, పెదాలకి రంగు పూసుకుంది.

"చచ్చినవాళ్ళని చూడ్డానికి కూడా ఆ రంగేమిటే?"

"మా ఆయన అక్కడే కదా ఉన్నాడు. పోయేముందు, నీ మొహం పాలిపోయిందే అన్నాడు. ఇవాళ చూపిద్దామని."

రేవులో డెన్సియో పడవ సిద్ధంగా ఉంచాడు. వీళ్ళతోపాటే చదువుకున్నాడు. ఒకప్పుడు గుర్రాలు తోలేవాడు, ఇప్పుడు సరస్సులో వలలు కట్టి చేపలు పెంచే ఆసామి దగ్గర మేత వేసే పని చేస్తున్నాడు. ఆ పనిమీద పడవ తీసుకుపోయే అనుమతి ఉంది కాబట్టే ఈ ప్రయాణం కుదిరింది.

"ఫెలిసా, నడిమధ్యలో కూర్చోవమ్మా. నువ్వొక పక్కకి ఒరిగితే రెండో పక్క మేం గాల్లో ఉంటాం."

"నీ గుర్రం నన్ను మోసిన రోజుల్లో ఇన్ని మాటలు అనలేదురా."

"అది నోరులేని జీవం. లోపల ఏమనుకుందో నీకేం తెలుసు?"

"గస్తీవాళ్ళు అడిగితే ఏం చెప్తావు?"

"చేపలకి మేత వెయ్యడానికి మనుషుల్ని తీసుకెళ్తున్నానంటాను."

"ఈ గౌను చూసి నమ్ముతారా?"

"మేత మోసే మనిషివని కాదు, మేతవే నువ్వని చెప్తాను."

ఫెలిసా అతని వీపుమీద ఒక్కటిచ్చింది. రొసెండా కూడా నవ్వింది. నవ్వుతూనే సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తిరుగుప్రయాణంలో పక్కన చోటు కావాలి కదా, ఇప్పట్నించే అలవాటు చేసుకుందాం అనుకుంది. సమాధుల పండగ కావడంతో గస్తీవాళ్ళు కూడా వాళ్ళ వాళ్ళ కొవ్వొత్తుల పనిలో ఉన్నట్టున్నారు, ఎవరూ అడ్డం రాలేదు. నీళ్ళ మీద పొగమంచు విడేసరికి ముందు ముక్కుకి అగ్గిపుల్ల గీసిన వాసన తగిలింది, తర్వాత ఒడ్డు కనిపించింది.

దిగినచోట రేవు లేదు. ఇసుక కూడా బూడిదరంగే. రెల్లుగడ్డి మనిషెత్తు పెరిగింది. దానిలోంచి మొండిచెట్లు, ఆకుల్లేకుండా, కొమ్మలు చాపుకుని నిలబడి ఉన్నాయి. డెన్సియో కత్తితో గడ్డి కొట్టుకుంటూ ముందు నడిచాడు. ఆడవాళ్ళిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెనక నడిచారు.

"ఇది మన వీధేనంటావా?" అంది ఫెలిసా.

"వీధి మన కాళ్ళ కింద ఉంది. మనం నడుస్తున్నది ఇళ్ళ చూరుల మీద" అన్నాడు డెన్సియో.

బడి దొరికింది. కిటికీల పైఅంచు మాత్రమే నేలమీద కనిపిస్తోంది. ముగ్గురూ బోర్లా పడుకుని ఆ సందులోంచి లోపలికి చూశారు. నల్లబల్ల పైభాగం కనిపించింది. దానిమీద ఎవరో టీచరు చివరిసారి రాసిన తేదీలో సగం మిగిలింది.

"ఈ కిటికీలోంచే నువ్వు రోజూ పారిపోయేవాడివి డెన్సియో" అంది ఫెలిసా.

"ఇప్పుడు లోపలికి దూరాలని ఉంది, పట్టట్లేదు."

కొండవైపు గుర్రాల బాట ఆనవాలు కొంచెం మిగిలింది. డెన్సియో ఆ మలుపులో ఆగి, నాలుక మడిచి ఈల వేశాడు. గుర్రాల్ని పిలిచే ఈల. ఆ రోజు కట్లు విప్పి వదిలేశాడు గానీ పడవలో ఎక్కించలేకపోయాడు. పైన కొండ పగులులోంచి తెల్లటి ఆవిరి తీరుబడిగా పైకి పోతోంది. దేనికీ తనకీ సంబంధం లేనట్టు. డెన్సియో మళ్ళీ ఈల వెయ్యలేదు. "పొగ పీల్చి గొంతు ఎండిపోయింది" అని నీళ్ళు అడిగి తాగాడు.

గుడి కప్పు కూలిపోయింది. ముందుగోడ ముక్కోణం, దాని నెత్తిన శిలువ మాత్రం బూడిదపైన నిలిచాయి. ముగ్గురూ శిలువ గుర్తు వేసుకున్నారు. వెనక సమాధులు ఉండాల్సిన చోట నున్నటి నేల, దానిమీద గడ్డి. ఒక్క దిమ్మ కూడా కనిపించడం లేదు.

"మీ మిలాయ్ ఇక్కడే" అంది ఫెలిసా, గోడనుంచి కొంచెం దూరం నడిచి. "మా ఆయన్ని పెట్టిన రోజు దాని దిమ్మ మీదే కదా నేను కూలబడ్డాను. కాబట్టి మా ఆయన ఇక్కడ, మిలాయ్ ఇక్కడ."

"కాదు. మీ ఆయన అటు, మామిడిచెట్టు పక్కన" అన్నాడు డెన్సియో.

"నా మొగుడు ఎక్కడున్నాడో నాకు తెలీదా?"

"ఉన్నప్పుడే తెలిసేది కాదు నీకు, ఊరంతా వెతికించేదానివి."

"మామిడిచెట్టు ఎక్కడుందిరా, చూపించు!"

మామిడిచెట్టు లేదు. ఒకరు అటన్నారు, ఒకరు ఇటన్నారు. ఎవరి చావు వాళ్ళకి గుర్తున్న తీరులో ఆ చోటు వాళ్ళ మనసుల్లో ఉంది. ఆ రెండు చోట్లూ కలవడం లేదు. రొసెండా వంటింటి కిటికీలోంచి చూసిన మనిషి. ఆ కిటికీయే ఇప్పుడు భూమిలో ఉంది. సంచిలోంచి చిన్న తాపీ తీసి, మోకాళ్ళ మీద కూర్చుని తవ్వడం మొదలుపెట్టింది. వానలకి తడిసి, ఎండలకి ఎండి బూడిద సిమెంటులా గట్టిపడింది. డెన్సియో వచ్చి కత్తితో పొడిచి పెళ్ళలు లేపాడు. చాలాసేపటికి ఒక కాంక్రీటు మూల తగిలింది. రొసెండా గబగబా చేతులతో తుడిచింది. దానిమీద నీలం రంగు ఉంది. వాళ్ళ దిమ్మకి ఎప్పుడూ తెల్లసున్నమే.

"ఇదెవరిదో" అంది మెల్లగా. తవ్విన మట్టిని మళ్ళీ అరచేత్తో కప్పి, సర్ది, ఆ ఎవరికో ఒక ప్రార్థన చెప్పి లేచింది.

"మారే, కొవ్వొత్తి ఇక్కడ పెట్టినా ఒకటే. ఈ నేలంతా వాళ్ళే" అంది ఫెలిసా.

గాలికి కొవ్వొత్తులు నిలవలేదు. ఫెలిసా తన పూలగౌను పరదాలా పట్టుకుని వంగి నిలబడితే రొసెండా వరసగా వెలిగించింది. మిలాయ్‌కి ఒకటి, అంబో పేరు చెప్పి ఒకటి, ఫెలిసా మొగుడికి ఒకటి. డెన్సియో అడగడానికి సిగ్గుపడుతుంటే చూసి, గుర్రాలకి కూడా ఒకటి. ఆకులో అన్నం, చేపముక్క, కొంచెం చక్కెర పెట్టారు. మిలాయ్ అన్నంలో చక్కెర కలుపుకుని తినేది. తర్వాత వాళ్ళూ అక్కడే కూర్చుని తిన్నారు.

"మీ ఆయన్ని తీసుకుపోవాలని నీకెప్పుడూ అనిపించలేదా మారే?" అని అడిగింది రొసెండా.

"ఎక్కడికి?"

"మన కాలనీకి."

"అమ్మో! ముప్ఫై ఏళ్ళు గురక విన్నాను. ఆ పలచటి గోడకి నువ్వే ముందు పారిపోతావు. ఉండనీ, ఇక్కడ ఎంత గట్టిగా పెట్టినా అడిగేవాళ్ళు లేరు." ఫెలిసా చేపముల్లు తీసి పక్కన పెట్టింది. "అయినా ఆయన పెద్దవాడే. తన సంగతి తను చూసుకోగలడు" అంది.

ఆ చివరి మాట రొసెండా లోపలికి దిగింది. పెద్దవాడు, చూసుకోగలడు. మిలాయ్ ఏడేళ్ళది.

ఎండ కొండ వెనక్కి ఒరిగింది. డెన్సియో సంచులు అందుకున్నాడు. బయల్దేరేముందు ఫెలిసా అలవాటు ప్రకారం నడుంమీద చెయ్యి పెట్టి గట్టిగా పిలిచింది. "డెన్సియో, పోదాం రా! సెండా, పోదాం రావే! ఫెలిసా, నువ్వూ రావే, ముసలి ఆవు!"

డెన్సియో పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే రొసెండా గుడివైపు తిరిగింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది.

"మిలాయ్! పోదాం రా తల్లీ. ఇంటికి పోదాం. అమ్మ వచ్చింది, చూడు. రా."

గడ్డి అలాగే ఊగింది. ఏమీ జరగలేదు. కానీ ఫెలిసా మొహంలో రంగు పోయింది. పెదాల మీద పూసుకున్న రంగొక్కటే మిగిలింది.

పడవ సగం దూరం వచ్చింది. రొసెండా సంచి ఒళ్ళో పెట్టుకుని, పక్కన పలకమీద చోటు వదిలి కూర్చుంది. ఆ చోటువంక ఫెలిసా ఒకసారి చూసి చూపు తిప్పుకుంది.

"ఏం పని చేశావే?"

"నా కూతుర్ని పిలిచాను."

"బతికున్నవాళ్ళని పిలుస్తారు. పోయినవాళ్ళని పిలుస్తారటే?"

"నువ్వు దానికి జ్ఞానతల్లివి మారే. ఎత్తుకుని ఫాదర్ ముందు నిలబెట్టింది నువ్వే."

"అందుకే కదా నా భయం! నేనంటే దానికి ప్రాణం. నీ ఇంటికంటే ముందు నా ఇంటికే వస్తుంది!"

"ఊరుకోండమ్మా, పడవ ఊగుతోంది" అన్నాడు డెన్సియో. "దార్లో లోమీ హోటలు దగ్గర ఎలాగూ ఆగుతాం. తలా ఒక గిన్నె నూడుల్స్ పులుసు తాగితే సరి. ఏ ఆత్మయినా అక్కడే ఆగిపోతుంది."

"నేను ఆగను. తిన్నగా ఇంటికే" అంది రొసెండా.

"సెండా..." ఫెలిసా గొంతు మారింది. "చంటిది ఉందే."

"మిలాయ్ దాన్ని ఏమీ చెయ్యదు."

"నీకెలా తెలుసు? ఎల్మర్ చంటివాడుగా ఉన్నప్పుడు నువ్వు ఆగలేదా? ఆ బెంచీమీద నీ పక్కన కూర్చున్నది నేనే. నిన్నెవరన్నా ఒక్క మాట అన్నారా?"

అనేశాక ఫెలిసా నాలుక కరుచుకుంది. దెప్పుదామని అన్నమాట కాదది, భయంలో జారిన మాట. రొసెండా నీళ్ళవంక చూస్తూ కూర్చుంది.

ఒడ్డు చేరాక డెన్సియో తన మూడుచక్రాల బండి తీశాడు. మోటారుసైకిలుకి పక్కన తొట్టి కట్టిన బండి. ఎప్పుడూ ఆడవాళ్ళిద్దరూ తొట్టిలో ఇరుక్కుని కూర్చునేవాళ్ళు. ఇవాళ ఫెలిసా అడక్కుండానే డెన్సియో వెనక సీటెక్కింది. రొసెండా తొట్టిలో ఒక వారగా కూర్చుంది. దారి పొడవునా సమాధుల తోటలకి పోయే జనం, పూలు, పిల్లలు. లోమీ హోటలు ముందు డెన్సియో బండి ఆపాడు. లోపల దీపాలు వెలుగుతున్నాయి. పెద్ద గిన్నెలోంచి ఆవిరి లేస్తోంది.

ఫెలిసా దిగి తొట్టి పక్కకి వచ్చి నిలబడింది.

"నువ్వు నడిచి వెళ్ళిపోవాలంటే వెళ్ళు మారే. నేను నిన్నేమీ అనను. మీ ఆయనకి కూడా చెప్పను. మేం ఆగి వస్తాం." గౌను అంచుతో మొహం తుడుచుకుంది. "ఒకటే మాట. మన ఇళ్ళకి గోడ ఒకటే కదా."

అని లోపలికి వెళ్ళిపోయింది.

రొసెండా తొట్టిలోనే కూర్చుంది. ఇల్లు ఎంతో దూరం లేదు. దిగి నడిస్తే చాలు. కానీ పిల్ల ఆ ఇంటిని ఎప్పుడూ చూడలేదు. రోడ్డే చూడలేదు. ఒకేలా ఉన్న అన్ని తలుపుల్లో అమ్మ తలుపు ఏదో దానికేం తెలుస్తుంది? తెలిసిన చప్పుడు ఒకటే వినిపిస్తుంది, గోడ అవతల చంటిబిడ్డ ఏడుపు. మిలాయ్‌కి చంటిపిల్లలంటే ఎంత పిచ్చి! తమ్ముణ్ణి చంకనుంచి దించేది కాదు. వాడు ఏడిస్తే తినే అన్నం వదిలేసి పరుగెత్తేది. అది ఆ ఏడుపు వింటుంది. వెళ్తుంది. ఉయ్యాల ఊపుతుంది. చెడు తలపు దానికి ఉండదు. ఎత్తుకుంటుంది, అంతే.

ఇదంతా నిజమేనా? రొసెండాకి తెలీదు. పోయినవాళ్ళు పసివాళ్ళని తీసుకుపోతారన్నది అబద్ధమే అయి ఉండొచ్చు. అది అబద్ధమైతే హోటల్లో ఆగినా నష్టం లేదు. కానీ అది అబద్ధమైతే మిలాయ్ ఇప్పుడు తన పక్కన కూర్చుని ఉండటం కూడా అబద్ధమే. పక్కన ఉన్నదని నమ్మినప్పుడు రెండోదాన్నీ నమ్మాలి. తనకి కావలసిన సగం ఉంచుకుని, భయపెట్టే సగం పక్కింటివాళ్ళ మీదికి తోసేస్తే అది ఏం నమ్మకం? ఆ పక్కింటి పసిగుడ్డుకి మొదటిసారి స్నానం చేయించింది తన చేతులే.

చాలాసేపు పక్కన ఖాళీమీద చెయ్యి ఆనించి కూర్చుంది. తర్వాత తొట్టిలోంచి దిగింది.

లోపల ఫెలిసా, డెన్సియో గిన్నెలు ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నారు. రొసెండా వచ్చి బెంచీ చివర కూర్చునేసరికి ఫెలిసా తల ఎత్తింది. తన గిన్నె ఆవిడ ముందుకి జరిపి, ఇంకొకటి తెమ్మని చెప్పింది. రొసెండా లోమీ తింది. చిక్కటి పులుసుని మధ్యమధ్య నీళ్ళు తాగుతూ మింగింది. ముక్కు తుడుచుకుని, "మిరియాలు ఎక్కువేశాడు" అంది. ఇద్దరూ అవునన్నారు.

గిన్నెలు ఖాళీ అయ్యాయి. ఎవరూ లేవలేదు.

"కాఫీ తాగుదామా?" అన్నాడు డెన్సియో.

"తాగుదాం" అంది ఫెలిసా.

కాఫీ వచ్చింది. అది కూడా అయిపోయింది. హోటలాయన బల్ల తుడిచి వెళ్ళాడు. ముగ్గురికీ ఒకటే తెలుసు, లేవడమంటే వదిలిపెట్టడం. ఫెలిసా కూతురు ఫోన్ చేసింది. పాప ఏడుస్తోంది, పాలు పట్టడం లేదు, ఎక్కడున్నావమ్మా అని. ఆ ఏడుపు ఫోన్లోంచి బల్ల చుట్టూ వినిపించింది. "వస్తాంలే, కొంచెం సేపు ఊపు" అని ఫోన్ పెట్టేసి ఫెలిసా కదలకుండా కూర్చుంది.

"ఇంకో కప్పు చెప్పనా మారే?"

రొసెండా చుట్టూ చూసింది. వెలుతురు బాగానే ఉంది. వెచ్చగా ఉంది. జనం వస్తూ పోతూ ఉన్నారు. చీకటికి భయపడే పిల్లకి బూడిద కింద కన్నా ఈ చోటు నయమే. అలా అనుకుంటే కొంచెం ఊపిరి ఆడింది. అలా అనుకోవడం తన మనసుని తను బుజ్జగించుకోవడమేనని కూడా తెలిసింది.

"వద్దు. పద, పాప ఏడుస్తోంది" అని తనే ముందు లేచింది.

హోటలు గడప దగ్గర జపమాల చేతిలోకి వచ్చింది గానీ ఏ ప్రార్థనా నోట రాలేదు. మరియతల్లి గుర్తొచ్చింది. కొడుకుని సమాధిలో పెట్టి, రాయి దొర్లించాక, ఆవిడ కూడా ఆ సాయంత్రం నడుచుకుంటూ ఇంటికే వెళ్ళి ఉంటుంది. తిన్నగా వెళ్ళిందో, దారిలో ఎవరైనా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తిను తల్లీ అన్నారో. ఆ సంగతి ఏ ఫాదరూ ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మా, నువ్వెలా నడిచావు? అని అడిగింది.

ఫెలిసా ఈసారి తొట్టిలోకే వచ్చింది. లావుపాటి ఒళ్ళుతో రొసెండాని ఒత్తుకుంటూ, వేలెడు సందు కూడా లేకుండా పక్కన కూర్చుని, ఆవిడ మోచేతి కిందినుంచి చెయ్యి దూర్చి గట్టిగా పట్టుకుంది. డెన్సియో బండి తీశాడు.